గిన్నె జపాన్ సారుకు, గుడ్డ మా రేడియోకు

నవ్వద్దంటే నవ్వద్దు మల్ల! ముందుగాల మాటియ్యుండ్రి, అప్పుడే చెప్త. నా ఇజ్జత్ ఎట్ల పోయిందో ఎరుకనా? మా రేడియో గుడ్డకు కోసిన రెండు బొక్కలల్లకెళ్లి పోయింది! ఒక బొక్కల నుంచి సగం, ఇంకో బొక్కల నుంచి మిగిలిన సగం. అది సుత ఎవరి ముందట? జపాన్ సారు ముందట, మా ఇంటామె కరుణ ముందట, ఇగో గీ మల్లేశ్ బావ ముందట!

అగో, అప్పుడే షురూ చేసిండ్రు. లచ్చక్కా, నువ్వు చాయ్ పొయ్యి. మీ ఆయన మల్లేశ్ బావకు ఈ ముచ్చట సగమే తెలుసు, ఆ సగానికి ఉప్పుకారం పెట్టి కాలనీ అంత పంచుతున్నడు. నేను మొదటిసంది చెప్త.

నేను బొగ్గుబాయి వర్క్‌షాపు ఆఫీసుల గుమస్తానని మీకు తెలుసు గదా. మిషన్ బడిల చదువుకున్న పుణ్యాన నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తయ్. ఆ నాలుగు ముక్కలే కొంప ముంచినయ్. ఎండలు ముదిరేటప్పుడు జపాన్ నుంచి ఒక ఇంజినీరు దిగిండు, కొత్త మిషన్ ఎట్ల బిగించాల్నో చూపెట్టెటందుకు. పేరు తనాకా. సన్నటి మనిషి, మెల్లటి మాట, ఇస్త్రీ నలగని అంగి. మన ఎండకు పాపం మొఖం ఎర్రగ కందిపోయి, చేతిల దస్తీ ఎప్పుడు తడిగనే ఉండేది. మేనేజరు నన్ను పిలిచిండు.

"రత్నం, ఆయన ఇక్కడ ఉన్నన్నాళ్లూ నువ్వే చూసుకోవాలి. మర్యాదలో ఏ లోటూ రాకూడదు" అన్నడు.

ఊకె చెప్పి వదిలిపెట్టలే. జపాన్ల కొన్నేండ్లు ఉండి వచ్చిన పెద్దమనిషి ఒకాయన హైదరాబాద్ల ఉంటే, ఆయనను పిలిపించి, ఒక మధ్యాహ్నమంత ఫ్యాను కింద కూసోబెట్టి నాకు పాఠం చెప్పించిండు. జపానోళ్ల ఇంట్లకు పోతే చెప్పులు బయట. అది మనకు కొత్తనా? ఏదిచ్చినా రెండు చేతుల్తోని ఇయ్యాలె, రెండు చేతుల్తోని తీస్కోవాలె. ఇచ్చినోని ముందటనే విప్పి చూడద్దు, కక్కుర్తి అనుకుంటరు. భుజం మీద చెయ్యి వేసుడు, ఈపు చరుసుడు బంద్. వాళ్లేదన్న వద్దంటే ఒక్కసారికే ఊకోవద్దు, మొహమాటానికి అంటరు, ఇంకోసారి అడగాలె. మొఖం మీద 'కాదు' అనరు. 'జర కష్టం' అని ఊపిరి లోపలికి గుంజిండ్రంటే ఇగ అది కాదన్నట్టే. అది విని నాకు నవ్వొచ్చింది. మన దగ్గర 'చూద్దాం తియ్యి' అంటే ఏంది? గదే గదా!

ఇంకోటి చెప్పిండు. వాళ్లు 'హై' అంటే అవునని కాదు, 'వింటున్న, చెప్పు' అన్నట్టు. గీ ఒక్కటి పైలంగ యాదికి పెట్టుకో అని మల్ల మల్ల చెప్పిండు. నేను "హై" అన్న.

అంతే! ఒక్క పొద్దుల జపాన్ పండితున్నయిన. సాయంత్రం క్వార్టర్ల ముందట మంచాలేసుకొని కూసుంటే అందరికి నేనే మాస్టర్ను. మల్లేశ్ బావ అడిగిండు, "బావా, జపానోళ్లకు రామ్ రామ్ ఎట్ల చెప్పాలె?" అని.

"నడుము వంచాలె. ఎంత పెద్దమనిషైతే అంత కిందికి."

"షిఫ్టంత బాయిల వంగే ఉంట, పైకొచ్చినంక సుత వంగాలెనా!" అన్నడు.

నేను ఊకుంటనా? ఆ పెద్దమనిషి చెప్పినదానికి నాదొకటి కలిపిన. "ఎదుటోడు వంగుడు ఆపేదాక మనం ఆపద్దు, ఆఖరికి వంగినోడిదే మర్యాద" అన్న. ఎవరు చెప్పిండ్రు నాకు? ఎవ్వరు చెప్పలే. నోరున్నది గదా!

తెల్లారి వర్క్‌షాపు గేటు కాడ తనాకా సారు ఎదురుపడ్డడు. నేను వంగిన. ఆయన వంగిండు. ఆయన లేసేసరికి నేను ఇంకోసారి వంగిన. పాపం, ఆయన మల్ల వంగిండు. నేను వదుల్తనా? ఆయన కలము జేబుల నుంచి జారి కింద పడేదాక వంగినం. అంతట్ల సైరన్ కూసింది. ఫస్ట్ షిఫ్టోళ్లు లోపలికి పోవాలె, మేమిద్దరం గేటుకు అడ్డం. వెనుక నుంచి ఎవరో, "ఏం పడిపోయింది అన్నా? మేం సుత ఎతుకాల్నా?" అని వంగిండు. ఆయనను చూసి ఇంకొందరు వంగిండ్రు. చూస్తుంటే గేటు కాడ మందంత నేల చూసుకుంట ఎతుకుతున్నరు! ఎందుకు ఎతుకుతున్నరో ఒక్కనికి తెల్వదు. నాకు మాత్రం జపాన్ మర్యాద గోదావరిఖని దాక వచ్చిందని మస్తు ఖుషీ అయింది.

ఇగ అసలు ముచ్చటకు వస్త.

ఆ సారు గెస్టు హౌజ్‌ల సరిగ తింటలేడని నేనే ఇంట్ల చెప్పిన. కరుణ మనసు మీకు తెలుసు. "అయ్యో, దేశం కాని దేశం వచ్చి పస్తులుంటున్నడా!" అని లేసి, బియ్యప్పిండిల పల్లీలు, శనగపప్పు, నువ్వులు, కరివేపాకు వేసి, గంజుల ఒత్తి, సన్నటి మంట మీద కరకరలాడేటట్టు సర్వపిండి కాల్చింది. వాసన మూడిండ్ల దాక పోయింది. తీసి స్టీలు టిఫిన్ల పెట్టబోయింది. అక్కడ నా పాండిత్యం లేసింది.

"స్టీలు టిఫినా? కరుణా, జపానోళ్లు తిండినే కాదు, గిన్నెను సుత చూస్తరు. మంచి గిన్నె తియ్యి. అత్తమ్మ కంచు గిన్నె తియ్యి" అన్న.

ఆ గిన్నె సంగతి చెప్పాలె. మా అత్తమ్మ మార్తమ్మ ఊరిడిచి బాయి పనుల కాడికి వచ్చినప్పుడు నెత్తి మీద మూటల పెట్టుకొని తెచ్చుకున్నది అది. అంచు మీద ఆమె పేరు చెక్కి ఉంటది, అక్షరాలు అరిగిపోయి వేలుతోని తడిమితేనే తెలుస్తయ్. ఆమె సచ్చిపోయినంక కరుణ అన్నదమ్ములను ఇంకేది అడగలే, ఆ గిన్నె ఒక్కటే తెచ్చుకున్నది. క్రిస్మస్ నాడు పాయసం దాంట్లనే పోస్తది. మిగిలిన పొద్దులంత గూట్లనే. నన్ను సుత దాంట్ల తిననియ్యదు, మీరే అనుకోండ్రి!

"అది ఎందుకయ్యా?" అన్నది.

"దేశం ఇజ్జత్ ముచ్చట, కరుణా."

"దేశం ఇజ్జత్ మా అవ్వ గిన్నెల ఉన్నదా?" అన్నది గని, పాపం, ఇచ్చింది. నేను చెప్తే నమ్ముతది, గదే ఆమెకున్న ఒక్క లోపం. "పదిలంగ పట్కపో. గిన్నె మాత్రం వాపస్ రావాలె, చెప్తున్న" అన్నది.

"ఎవ్వలన్న గిన్నె ఉంచుకుంటరా?" అన్న. మన కాలనీల ఎట్ల? గిన్నె పోతది, తిని, తోమి, దాంట్ల ఇంత చక్కెరనో, రెండు పచ్చి మామిడికాయలో వేసి వాపస్ పంపుతరు. ఖాళీ గిన్నె పంపరు. లోకమంత గంతే అనుకున్న.

గెస్టు హౌజ్‌కు పోయి, రెండు చేతుల్తోని, నడుము వంచి ఇచ్చిన. తనాకా సారు మూత తీసిండు. సర్వపిండి చూసి తల ఊపిండు. కని గిన్నెను చూసి ఆగిపోయిండు! అంచు మీద అక్షరాలను వేలుతోని తడిమిండు.

"బ్యూటిఫుల్. ఓల్డ్?" అన్నడు.

"వెరీ ఓల్డ్ సర్. మదర్-ఇన్-లా" అన్న.

ఇగ ఇక్కడ వినుండ్రి. మన వస్తువును ఎవలన్న మంచిగుందంటే మనమేమంటం? "మీదే అనుకోండ్రి!" అంటం. ఇల్లు మంచిగుందంటే "మీ ఇల్లే!" అంటం. అట్లన్నమని ఇప్పటిదాక ఎవడన్న మన ఇంట్లకు మంచం తెచ్చుకొని దిగిండా? దిగలే గదా! ఆ అలవాటుల నా నోరు ఇంగ్లీషుల జారింది.

"యువర్స్ ఓన్లీ సర్! దిస్ ఈజ్ యువర్స్ ఓన్లీ!"

ఆయన బిత్తరపోయిండు. "నో, నో" అన్నడు. నాకు పాఠం యాదికొచ్చింది. మొహమాటానికి వద్దంటరు, ఇంకోసారి అడగాలె! "ప్లీజ్ సర్, యువర్స్!" అన్న. ఆయన చేతులు ఊపిండు. నేను గిన్నెను ఆయన ఛాతికే ఆనిచ్చిన. ఆఖరికి ఆయన గిన్నెను రెండు చేతుల పట్టుకొని, అంతకుముందు ఎన్నడు వంగనంత కిందికి వంగిండు. నేను ఛాతి ఇరుసుకొని ఇంటికొచ్చిన.

"గిన్నె ఏది?" అన్నది కరుణ.

"తిన్నంక పంపుతడు" అన్న.

ఆదివారం సాయంత్రం ఆయన మా క్వార్టర్ ముందట ప్రత్యక్షం! చేతుల ఒక డబ్బ, దాని చుట్టు నీలిరంగు గుడ్డ, దాని మీద తెల్లటి సన్న గీతలు. నాలుగు కొసలు కలిపి పైన ముద్దుగ ముడేసి ఉంది. గేటు కాడ నిలవడి, పేరుకు మన 'గారు' లెక్క 'సాన్' తగిలించి, "రత్నం-సాన్. స్మాల్ థింగ్. నథింగ్. డోంట్ మైండ్" అన్నడు. అని, ముడి మీద వేళ్లు పెట్టి ఇప్పబోతున్నడు.

నేను చూసిన. అయ్యో, ఇచ్చినోని ముందట విప్పుడు తప్పు గదా! పాపం, ఆత్రంల ఆయనే మరిసిపోయినట్టున్నడు, నేను కాపాడాలె అనుకొని, రెండు చేతుల్తోని లటుక్కున గుంజుకున్న. గుడ్డతోని సహ! గుంజుకొని, వంగి, బిరాన లోపలికి ఉరికిన. లోపల పెట్టి వచ్చి చూస్తే ఆయన ఇంక గట్లనే నిలవడ్డడు. రెండు చేతులు గాలిలనే, లేని ముడిని వేళ్లు పట్టుకునే ఉన్నయ్. చాయ్ తాగినంతసేపు లోపటి గది దిక్కే చూసిండు. పోయేముందు ఊపిరి లోపలికి ఒక గుంజుడు గుంజిండు. కడుపుల నొప్పి లేసినట్టుందని నేను వాము తినమని చెప్పిన.

ఆయన పోయినంక కరుణ డబ్బ ఇప్పింది. అన్ని తీపి బిళ్లలు. ఒకటి నోట్లేసుకొని, "మంచిగనే ఉన్నయ్. గిన్నె ఏది?" అన్నది.

"వస్తది తియ్యి."

"మరి గీ గుడ్డ?"

"ఆయననే అన్నడు గదా, నథింగ్ అని. పనికిరాని గుడ్డ."

మా ఇంట్ల కొత్త రేడియో ఉంది గదా. ఈ బొగ్గు దుమ్ముకు పొద్దుగాల తుడిస్తే పగటీలికి నల్లగయితది. గుడ్డ కప్పి చూసిన. సరిగ్గ సరిపోయింది, కొలిచి నేసినట్టు! కని చెవులు మూసుకపోయినయ్, స్టేషన్ తిప్పేదొకటి, సప్పుడు పెంచేదొకటి. కత్తెర తీసిన.

"జర ఆగయ్యా, ఆ సారును ఒక మాట అడుగరాదు?" అన్నది కరుణ.

"జపానోళ్ల సంగతి నువ్వు నాకు చెప్తవా!" అన్న. కసక్, కసక్. రెండు బొక్కలు. గుండ్రంగ, ముద్దుగ వచ్చినయ్, అందుల మాత్రం పేరు పెట్టేది లేదు.

మల్ల ఆదివారం గుడిల ప్రార్థన అయి వచ్చినంక తనాకా సారును చాయ్‌కి పిలిచిన. వచ్చిండు, కూసున్నడు, చాయ్ ఎత్తిండు. రేడియో దిక్కు చూసిండు. కప్పు నోటి దాక పోకుంట నడుమనే ఆగింది. మెల్లగ కింద పెట్టి లేసిండు. రేడియో ముందటకు పోయి, తల కిందికి వేసి, కండ్లు మూసుకొని నిలవడ్డడు. ఎంతసేపు? రేడియోల రైతుల ప్రోగ్రాం వస్తున్నది, వరికి ఎరువు ఎప్పుడు చల్లాల్నో చెప్తున్నరు. చల్లుడు అయిపోయింది, నీళ్లు కట్టుడు సుత అయిపోయింది, ఆయన తల లేవలే.

నాకు బుర్రల బల్బు ఎలిగింది. ఆహా! మిషన్లంటే వీళ్లకెంత గౌరవం! ఆయుధపూజ మనం ఏడాదికొక్కసారి చేస్తం, వీళ్లు రోజు చేస్తరు! నేను సుత పోయి ఆయన పక్కన నిలవడి రేడియోకు వంగిన. కరుణ వంటింట్లకెళ్లి తొంగి చూసి మల్ల లోపలికి పోయింది.

ఆయన అన్నడు, "రత్నం-సాన్... క్లాత్... గుడ్?"

"వెరీ గుడ్ సర్! స్మాల్ థింగ్, బట్ వెరీ యూస్‌ఫుల్!" అన్న.

"హై..." అన్నడు. ఆ హై ఎక్కడో బాయి అడుగుకెళ్లి వచ్చినట్టు వచ్చింది.

సాయంత్రం మంచాల కాడ కొత్త పాఠం చెప్పిన, జపానోళ్లు మిషన్‌కు మొక్కనిదే ముట్టుకోరని. తెల్లారి మల్లేశ్ బావ బాయిల దిగేముందు బొగ్గు డబ్బాలు గుంజే హాలేజీ ఇంజినుకు నడుము వంచి దండం పెట్టిండు. అవునా కాదా బావా? ఇప్పుడు నవ్వుతున్నవ్ గని!

గిన్నె మాత్రం రాలే. కరుణ ఇంకోసారి సర్వపిండి చేసి, ఈసారి స్టీలు టిఫిన్ల పంపింది. ఇది వాపస్ ఇచ్చేటప్పుడన్న అది యాదికొస్తదేమో అని. టిఫిన్ తెల్లారే వాపస్ వచ్చింది, అద్దంలెక్క తోమి! మూత తీస్తే లోపట ఒక అగ్గిపెట్టె.

"అగ్గిపెట్టె ఏంది?" అన్నది కరుణ.

"మనకు పొయ్యి అంటించుడు కష్టమైతున్నదని అనుకున్నట్టున్నడు" అన్న. పండితున్ని గదా, తెల్వదు అనరాదు.

కరుణ టిఫిన్ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "ఈ టిఫిన్ వాపస్ వచ్చింది. అంటే వాపస్ ఇచ్చుడు ఆ సారుకు తెలుసు. మరి మా అవ్వ గిన్నె ఎందుకు రాలే? నువ్వు ఇచ్చేటప్పుడు ఏమన్నవ్?"

"ఏమనలే."

"ఏమన్నవ్ అంటున్న!"

"మీదే అన్న... ఊకె, మాటవరసకు."

"మన మాటవరస ఆయనకెట్ల తెలుస్తదయ్యా!"

ఆమె కొట్లాడితే మంచిగుండు. కొట్లాడలే. గూటి కాడికి పోయి, గిన్నె ఉండే జాగల చెయ్యి పెట్టి ఊకెనే నిలవడ్డది. మా అత్తమ్మ పోయిన పొద్దు ఎట్ల నిలవడ్డదో గట్లనే. అప్పుడు నాకు భయమైంది. ఆ సారు వచ్చే ఆదివారం పొద్దుగాల బండెక్కుతడు. గిన్నె ఆ పెట్టెల పోయిందా, ఇగ జపాన్ల ఎవ్వలింట్ల ఎతుకుత?

మర్నాడు వర్క్‌షాపుల ఆయన పక్కన చేరిన. సీదా అడుగరాదు గదా, చుట్టు తిప్పి అడగాలె. "సర్, దట్ బౌల్. వెరీ గుడ్ బౌల్" అన్న.

"హై."

"మై వైఫ్, డైలీ రిమెంబరింగ్."

"హై, హై."

ఉరుక్కుంట ఇంటికొచ్చిన. "అయిపోయింది కరుణా! రెండుసార్ల హై అన్నడు! రేపు వస్తది!" రేపు రాలే, ఎల్లుండి రాలే. హై అంటే ఏందో హైదరాబాద్ పెద్దమనిషి అంతగనం చెప్పిండు గదా, యాదికుంటే గద!

శనివారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి కరుణ గుడికి పోయే చీర కట్టుకొని గడప కాడ నిలవడ్డది. "నడువు" అన్నది. మల్లేశ్ బావకు ఎట్ల తెలిసిందో, తమాషా చూసెటందుకు వెంబడి వచ్చిండు.

తొవ్వ పొడుగున చెప్పుతనే ఉన్న. "కరుణా, ముక్కుసూటిగ అడుగొద్దు. జపాన్ల గట్ల అడుగుడు పెద్ద తప్పు."

"నేను జపాన్ల లేను. గోదావరిఖనిల ఉన్న" అన్నది.

గెస్టు హౌజ్‌ల తనాకా సారు పెట్టె సర్దుకుంటున్నడు. బల్ల మీద అన్ని తీసేసి ఉన్నయ్. నడుమ ఒక తెల్ల తువాల మడత పెట్టి, దాని మీద మా అత్తమ్మ గిన్నె ఒక్కటే ఉన్నది, మిలమిల మెరుసుకుంట. కరుణ చెప్పులిడిచి లోపలికి పోయింది. దండం పెట్టి, తెలుగులనే, మన తమ్మునితోని అన్నతోని మాట్లాడినట్టే మాట్లాడింది.

"అన్నా, గది మా అవ్వ గిన్నె. మా అవ్వ ఇప్పుడు లేదు. మా ఆయన మీదే అన్నడట. ఆయన నోటికి గొళ్లెం లేదు, నువ్వు మనసుల పెట్టుకోకు. గిన్నె నాకియ్యి అన్నా."

జల్దిగ అందుకున్న. "సర్, మై వైఫ్ ఈజ్ సేయింగ్, హ్యాపీ జర్నీ..."

ఆయన చెయ్యెత్తి నన్ను ఆపిండు! కరుణ దిక్కే చూస్తున్నడు. కరుణ గిన్నె అంచు మీద పేరును చూపెట్టింది, తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నది, "అమ్మ" అన్నది.

"అమ్మ... మదర్?"

కరుణ తల ఊపింది. అప్పుడు చూడాలె ఆయన మొఖం! నెత్తి మీది బరువు ఎవరో దించినట్టు. నిండుగ ఊపిరి బయటికి ఇడిసిండు, ఇన్ని దినాలు లోపలికి గుంజుడే చూసిన నేను. "టూ బిగ్ గిఫ్ట్. ఐ నో స్లీప్!" అన్నడు. పాపం, గంత పెద్ద కానుకకు బదులు ఏమియ్యాల్నో తెల్వక ఆయన దినాం పరేషాన్ అయితున్నడట!

గిన్నెను రెండు చేతుల ఎత్తిండు. ఇయ్యబోయి ఆగిండు. అటు ఇటు చూసిండు. జేబుల నుంచి అగ్గిపెట్టె తీసి గిన్నెల పెట్టి, అప్పుడిచ్చిండు.

"మల్ల అగ్గిపెట్టెనా!" అన్నది కరుణ.

ఆయన చేతులు ఊపి చెప్పిండు, "జపాన్... నో ఎంప్టీ. ఎంప్టీ నాట్ గుడ్."

కరుణ ఒక్కసారి పకపక నవ్వింది. "అయ్యో అన్నా! మా ఇండ్లల్ల సుత గంతే! ఖాళీ గిన్నె పంపం!" అన్నది. ఆయనకు తెలుగు రాదు, ఆమెకు జపాన్ రాదు. ఇద్దరు నవ్వుతున్నరు. నడుమ నేను, ఇంగ్లీషు వచ్చినోన్ని, బొమ్మలెక్క నిలవడ్డ.

ముచ్చట గక్కడ అయిపోతే ఎంత మంచిగుండు!

కరుణను చూసి ఆయనకు సుత ధైర్యమొచ్చింది. నా దిక్కు తిరిగిండు. "రత్నం-సాన్. క్లాత్" అన్నడు. గాలిల నాలుగు మూలలు గీసిండు. గాలిలనే ముడేసిండు. "మై మదర్" అన్నడు.

నా గుండె బాయి అడుగుకు పోయింది. స్మాల్ థింగ్ అన్నడు గదయ్యా! నథింగ్ అన్నడు గదయ్యా! వాళ్ల అమ్మ పెట్టెల పెట్టి పంపిన గుడ్డనట అది. డబ్బ మనకిచ్చి గుడ్డ తాను మడత పెట్టుకొని పోవాల్నట, వాళ్ల పద్ధతి గది. ఇప్పుకునేలోపట నేను గద్దలెక్క తన్నుకపోయిన. మనం ఇచ్చేదాన్ని కొండంత చేసి చెప్తం, వాళ్లు గోరంత చేసి చెప్తరు. రెండు దిక్కుల నమ్మి మునిగింది నేనే.

మెల్లగ సర్దుకుందామనుకుంటున్న. మల్లేశ్ బావ ఊకుంటడా? "గదే బావా, మీ రేడియో మీదున్నది! నువ్వు బొక్కలు కోసినవ్ సూడు!" అని, రెండు చేతుల వేళ్లు గుండ్రంగ చేసి కండ్లకు పెట్టుకొని ఆ సారుకు చూపెట్టిండు. గీ సాయం నిన్ను ఎవ్వలడిగిండ్రు బావా?

ఇంటికి ఉరికి గుడ్డ తెచ్చిన. రెండు అరచేతుల మీద పరుసుకొని, తల వంచుకొని, ఆయన ముందట నిలవడ్డ. ఈసారి వంగింది మర్యాదకు కాదు, సిగ్గుకు. ఆయన గుడ్డ తీస్కున్నడు. ఎత్తి పట్టుకున్నడు. బొక్కలల్లకెళ్లి ఆయన రెండు కండ్లు నన్ను చూస్తున్నయ్. ఒక బొక్కల వేలు పెట్టిండు, తిప్పిండు, స్టేషన్ మార్చినట్టు. ఇంకో దాంట్ల పెట్టి తిప్పిండు, సప్పుడు పెంచినట్టు. భుజాలు ఊగుతున్నయ్. ఏడుస్తున్నడనుకొని నా పానం పోయింది. గుడ్డ దించితే ఏంది? నవ్వుతున్నడు! నవ్వి నవ్వి మంచం మీద కూలవడ్డడు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది, అబద్ధమెందుకు.

కరుణ లేసి ఆయన చేతులకెళ్లి గుడ్డ తీస్కున్నది. "పొద్దుగాల ఇస్త అన్నా" అన్నది.

తెల్లారి జీపు తయారుగ ఉన్నది, రామగుండం స్టేషన్‌కు. కరుణ వచ్చింది. ఆ నీలి గుడ్డల సర్వపిండి మూట. గిన్నెల కాదు, ఈసారి మోదుగాకుల కట్టింది, బుద్ధి వచ్చింది గదా! ఖాళీ గుడ్డ సుత వాపస్ ఇయ్యద్దని. తనాకా సారు రెండు చేతుల్తోని తీస్కొని, మా అందరి ముందటనే ఇప్పిండు! నేర్చుకున్న పాఠాలన్ని గాలికి పోయినయ్.

రెండు బొక్కల మీద కరుణ తన ఎర్ర జాకెట్టు గుడ్డ గుండ్రంగ కత్తిరించి, సన్నటి కుట్టుతోని కుట్టింది. నీలి గుడ్డ మీద ఎర్రటి రెండు సూర్యుళ్లు పొడిసినట్టు. ఆయన శానసేపు చూసిండు. ఒక దాని మీద వేలు పెట్టి, "జపాన్" అన్నడు. రెండోదాని మీద వేలు పెట్టిండు. తలెత్తి పైకి చూసిండు. దస్తీ తీసి మొఖం, మెడ, మెడ వెనుక, అంత తుడుసుకున్నడు.

"రామగుండం!" అన్నడు.

జీపు డ్రైవరు సుత స్టీరింగ్ మీద తలకాయ పెట్టి నవ్విండు. జీపు మలుపు తిరిగేదాక ఆ సారు గుడ్డను ఊపుకుంటనే పోయిండు. కరుణ కండ్లు తుడుసుకుంట, నవ్వుకుంట, గిన్నెను సంకల పెట్టుకొని ఇంటికి నడిసింది.

అయిపోయిందంటరా? నిన్న మేనేజరు మల్ల పిలిచిండు. పోలండు నుంచి ఇంజినీర్లు వస్తున్నరట. "రత్నం, నీకు అనుభవం ఉంది కదా" అన్నడు. ఛాతి ఇరుసుకొని ఇంటికి పోయి చెప్పిన. ఇయ్యాల డ్యూటీ దిగి పోయి చూస్తే గూడు ఖాళీ, బల్ల ఖాళీ! గిన్నెలు, గ్లాసులు, చెంచాలు, అన్ని ట్రంకు పెట్టెల పడ్డయ్. తాళం పడ్డది. చెవి ఆమె కొంగుకు ఉన్నది.

"చాయ్ అయింది. దేంట్ల పొయ్యాలె? దోసిలి పట్టు" అన్నది!

గందుకే మీ ఇంటికొచ్చిన. లచ్చక్కా, ఇంకింత పొయ్యి. అబ్బ, ఏం కప్పు అక్కా ఇది! ఎంత ముద్దుగున్నది! ఏమన్నవ్? నీదే అనుకో అన్నవా?

అందరు విన్నరు గదా! అయితే పట్కపోత, మా ఇంట్ల ఒక్కటి సుత లేదు. మల్లేశ్ బావా, జర ఒక అగ్గిపెట్టె సుత ఇయ్యి. పోలండోళ్లు పోయినంక వాపస్ పంపుత, ఖాళీ కప్పు పంపద్దు గదా!